పేర్ల పుస్తకం ఉన్న ఊరు

హార్లన్ ఫెర్రీ, ఇల్లినాయ్
అక్టోబరు 10, 1999

అత్తయ్యకు సరయు నమస్కరించి రాసేది.

ఉత్తరం తెలుగులోనే రాయాలని, ఇంగ్లీషులో వస్తే విప్పకుండా వెనక్కి పంపేస్తానని చాంగీ ఎయిర్‌పోర్టులో అందరి ముందూ బెదిరించావు. అందుకే ఇది తెలుగు. ఆదివారం క్లాసులో నువ్వు దిద్దించిన ఒత్తులన్నీ గుర్తు చేసుకుంటూ రాస్తున్నాను. తప్పులుంటే ఎర్ర పెన్ను తీయకు.

మేం కులాసా. హరి ఆఫీసు కారులో నలభై నిమిషాలు. రెండు వేల సంవత్సరం వచ్చేలోపు కంప్యూటర్లలో తేదీలన్నీ సరిచేయాలట, ఆదివారాలు కూడా వదలడం లేదు. అక్కడ సింగపూర్‌లో చేసిన పనే ఇక్కడా. కాకపోతే ఇక్కడ కిటికీలోంచి చూస్తే మొక్కజొన్న చేలు కనిపిస్తాయట.

ఈ ఊరిని వీళ్లు పల్లెటూరు అనే అంటారు. నవ్వకు, బోర్డు మీదే ఉంది. తొమ్మిది వేల మంది, ఒక ప్రెసిడెంటు, ఆరుగురు మెంబర్లు. పదేళ్ల కిందట రెండు వేలమందే ఉండేవారట. మాలాంటి కంప్యూటర్ జనం వచ్చి పడ్డాక చేలన్నీ ఇళ్లవుతున్నాయి. నది ఒడ్డున పాతవాళ్లు, గుట్ట మీద కొత్త ఇళ్లలో మేము. పాతవాళ్లు మమ్మల్ని "పైవాళ్లు" అంటారు. మాటల్లో ఎత్తిపొడుపు ఉన్నా, కారులో ఎదురైతే మాత్రం ప్రతి ఒక్కరూ స్టీరింగు మీంచి రెండు వేళ్లు ఎత్తి పలకరిస్తారు. మొదట్లో ఎవరికో అనుకుని వెనక్కి తిరిగి చూసేదాన్ని.

నా వీసాతో ఉద్యోగం చేయకూడదు. లైబ్రరీలో ఒక చీటీ చూశాను. ఊరికి నూట యాభై ఏళ్లు నిండబోతున్నాయి, ఊరి చరిత్ర పుస్తకం వేస్తున్నాం, పాత కాగితాలు టైపు చేసేవాళ్లు కావాలని. వెళ్లాను. మూతపడ్డ రైల్వే స్టేషను మేడ మీద ఎడ్నా అని ఎనభై ఒక్క ఏళ్ల ముసలావిడ కూర్చుని ఉంది. "కలిపిరాత చదవగలవా?" అంది. మా అత్తయ్య రాత చదివి పెరిగాను, దేన్నైనా చదువుతానన్నాను.

నీ మోకాలు ఎలా ఉంది?

సరయు


టోవా పాయో, సింగపూర్
నవంబరు 2, 1999

మా సరయుకి, అత్తయ్య దీవించి రాసేది.

నా రాత మీద అమెరికాలో పరువు తీశావన్నమాట. మీ అమ్మ పోతే ఆరేళ్ల పిల్లని ఒళ్లో కూర్చోబెట్టుకుని అ ఆలు దిద్దించినందుకు బాగానే రుణం తీర్చుకున్నావు. తప్పులు ఏడు. ఎర్ర పెన్ను తీయలేదు, పెన్సిలుతో గుర్తు పెట్టుకున్నాను.

మోకాలు మోకాలులాగే ఉంది. మన బ్లాకులో లిఫ్టు ప్రతి అంతస్తులో ఆగేలా మారుస్తారట. అందాకా ఒక అంతస్తు దిగి, నడిచి, పసార్‌కి పోయి కూరలు తెచ్చుకోవడమే. టాంపినీస్‌లో తెలుగు సంఘం భోజనాలకి వెళ్లాను. ఎటు చూసినా హైదరాబాదు నుంచి దిగిన కంప్యూటర్ కుర్రాళ్లే. ఒకడు నన్ను "ఆంటీ, మీది ఏ ఊరు?" అన్నాడు. టోవా పాయో అన్నాను. "అది కాదు ఆంటీ, అసలు ఊరు." మా నాన్న నూకరాజు ఓడ దిగి డెబ్భై ఏళ్లయింది, నేను ఇక్కడే పుట్టాను, ఇంక అసలు ఊరేమిటి? భీమునిపట్నం అని చెప్పి పంపించాను, వాడి మనసు చల్లబడింది.

నీ ఊరి సంగతులు బాగున్నాయి, వివరంగా రాయి. ఊరు అన్నాక ఎవరో ఒకడు ముందొచ్చి ఉంటాడు కదా, వాడు ఎందుకొచ్చాడో కనుక్కో. నా కాలక్షేపానికి టీవీలో ఏమీ లేదు.

హరికృష్ణ ఆదివారం కూడా పనిచేస్తే నువ్వు కోప్పడవా? మీ సూర్యారావు మావయ్య నౌకాశ్రయంలో గుమస్తాగా ఉన్నన్నాళ్లూ ఆదివారం ఇంట్లోనే ఉండేవారు, ఒక్క పూట తప్ప. ఆ పూట గాలం పట్టుకుని చేపలకి వెళ్లేవారు. పదహారేళ్లయింది ఆయన పోయి, ఒక్కనాడూ ఒక్క చేప తెచ్చిన పాపాన పోలేదు.

అత్తయ్య


హార్లన్ ఫెర్రీ
ఫిబ్రవరి 20, 2000

అత్తయ్యకు,

ముందు మంచి మాట. నాకు నాలుగో నెల. ఫోనులో చెబుదామంటే హరి పక్కనే నిలబడి నవ్వుతున్నాడు, సిగ్గేసింది. జూలైలో అంటున్నారు.

ఇప్పుడు నువ్వడిగిన మొదటివాడు. హార్లన్ అనేవాడు 1851లో పడవ వేసుకుని వచ్చాడు. ఇక్కడ నది వెడల్పు, లోతు తక్కువ. బళ్లనూ పశువులనూ దాటించి పెట్టేవాడు. వాడి తమ్ముడితో పడక, తమ్ముడు అవతలి ఒడ్డున ఇంకో పడవ పెట్టాడట. ఇద్దరూ పాతికేళ్లు ఎదురెదురుగా పడవలు నడిపి, ఒక్క మాట మాట్లాడుకోకుండా చచ్చిపోయారు. తర్వాత పిండిమర వచ్చింది, రైలు వచ్చింది. ఆ తర్వాత బొత్తాల కార్ఖానా. నదిలో ఆల్చిప్పలు ఏరి, వాటినుంచి గుండ్రంగా కోసి చొక్కా బొత్తాలు చేసేవారు. ఇప్పటికీ ఒడ్డున తవ్వితే గుండ్రటి కన్నాలున్న చిప్పలు దొరుకుతాయి. ప్లాస్టిక్ వచ్చి ఆ కార్ఖానా పోయింది. నలభై ఏళ్లు ఊరు అలా ముడుచుకుని కూర్చుంది, ఇదిగో ఇప్పుడు మేం వచ్చాం.

అన్నిటికన్నా నాకు పట్టుకున్నది ఇంకొకటి. 1881 వసంతంలో మంచు పెళ్లలు వంతెనకి అడ్డంపడి నది ఊళ్లోకి వచ్చేసింది. శ్మశానంలో చెక్క గుర్తులన్నీ కొట్టుకుపోయాయి. నీళ్లు తీశాక ఎవరి వాళ్లు ఎక్కడున్నారో ఎవరికీ తెలియలేదు. అప్పుడు ఊరంతా కూర్చుని ఒక తీర్మానం చేసుకున్నారు. ఇక మీద ఈ మట్టిలోకి పేరు లేకుండా ఎవరూ వెళ్లకూడదు. పేర్లన్నీ ఒక పుస్తకంలో రాసి, మేడ మీద, నీళ్లు అందనిచోట ఉంచాలి. ప్రతి ఏటా మే నెల ఆఖరి సోమవారం శ్మశానంలో నిలబడి మొదటినుంచి చివరిదాకా పేర్లు పైకి చదవాలి. నూట పంతొమ్మిదేళ్లుగా చదువుతున్నారు, అత్తయ్యా! ఇప్పుడు చదవడానికి గంటన్నర పడుతుందట. ముప్ఫై ఏళ్లుగా చదివేది ఎడ్నాయే. ఆ పుస్తకమే నేను టైపు చేస్తున్నది.

కడుపుతో ఉండి ఇలాంటి పని చేయకూడదని అంటావేమో. నాకు భయం లేదు.

సరయు


టోవా పాయో
మార్చి 12, 2000

బంగారూ,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. తప్పులు ఎన్నో చూడలేదు.

ఇంగువ, వేయించిన మినప్పిండి, వాము పార్సిలు చేశాను. పోస్టాఫీసు పిల్ల "ఆంటీ, ఈ పౌడర్ ఏంటి?" అని మూడుసార్లు అడిగింది. బరువులు ఎత్తకు. ఎడమవైపుకి తిరిగి పడుకో. పుల్లటివి తినాలనిపిస్తే తిను, ఎవరి మాటా వినకు. నేనొచ్చి చేసిపెట్టాలి గానీ ఇరవై గంటలు విమానంలో ఈ మోకాలు ముడుచుకోలేను. అయినా కాన్పుల సంగతి నాకేం తెలుసు, అక్కడ డాక్టర్లు చూసుకుంటారు.

ఆ పుస్తకం పని మాత్రం ఆపెయ్. నీకు భయం లేకపోవచ్చు, నాకుంది. హార్లన్ తమ్ముడి గురించీ బొత్తాల గురించీ ఎంతైనా రాయి, సంతోషంగా చదువుకుంటాను. శ్మశానం సంగతులు వద్దు. కాన్పు అయ్యేదాకా ఆ మేడ ఎక్కనని నా మీద ఒట్టు పెట్టుకో.

ఇక్కడ పేపర్లలోనూ అదే గోల. పాత శ్మశానం తవ్వి ఇళ్లు కడతారట. ఉన్న చోటు చాలదు, బతికున్నవాళ్లకి గూడు కావాలి, కాదనను.

అత్తయ్య


టోవా పాయో
జూలై 28, 2000

సరయూ,

హరికృష్ణ ఫోను చేశాడు. నువ్వు ఫోను తీసుకోలేదు. పరవాలేదు.

తొమ్మిది రోజులు ఉన్నాడట కదా. గుండెలో కన్నమని చెప్పాడు. అంతకన్నా అడగలేకపోయాను.

తల్లీ, చెబుతాను విను. నీకు ఇరవై ఏడేళ్లు. ఇంకా పుడతారు. మనలో పురిటిబిడ్డని కాల్చరు, మట్టిలో పెడతారు. రాయి వేయరు, బారసాల కాలేదు కనక పేరు పెట్టరు, తల్లి ఆ వైపు వెళ్లదు. మగవాళ్లు చూసుకుంటారు. పెద్దవాళ్లు ఊరికే పెట్టలేదు ఇవన్నీ. చోటు తెలిస్తే మనసు అక్కడే తిరుగుతుంది. తెలియకపోతే మెల్లగా మరుస్తుంది. హరికృష్ణ ఎక్కడ పెట్టాడో అడగకు.

పాలు గట్టిపడి నొప్పి పెడితే మల్లెపూలు నూరి పట్టీ వేసి కట్టుకోవాలి. అక్కడ మల్లెలు దొరకవు కదా, క్యాబేజీ ఆకు చల్లబరచి పెట్టుకో. ఎవరికీ చెప్పుకోకుండా బాధ పడకు.

తిను. ఏడవకు. మరిచిపో.

అత్తయ్య


హార్లన్ ఫెర్రీ
సెప్టెంబరు 17, 2000

అత్తయ్యకు,

నీ ఉత్తరం అందింది.

ఊరి సంగతులు రాయమన్నావు కనక రాస్తున్నాను. ఇక్కడ ఎవరింట్లోనైనా చావు జరిగితే జనం లోపలికి రారు. ఏదో ఒకటి వండి, మూత పెట్టి, వాకిట్లో పెట్టి, బెల్లు కొట్టకుండా వెళ్లిపోతారు. మా వాకిట్లో పదకొండు గిన్నెలు వచ్చాయి. తొమ్మిది నది ఒడ్డునుంచి. నాకు పేర్లు కూడా తెలియవు. గిన్నె అడుగున ప్లాస్టరు అంటించి దాని మీద పేరు రాసుకుంటారు, తిరిగి ఇవ్వడానికి వీలుగా. హరి ఆదివారం కారులో తిరిగి అన్నీ ఇచ్చొచ్చాడు. ఎవరూ ఏమీ అడగలేదట.

మేం అడిగితే శ్మశానంలో చోటు ఇచ్చారు. పుస్తకంలో రాయడానికి ఎడ్నా పేరు అడిగింది. బారసాల అవలేదు, పేరు లేదు అన్నాడు హరి. మా ఆచారం అన్నాడు. పేరు లేకుండా ఈ ఊళ్లో కుదరదు అంది ఆవిడ, మా ఆచారం అంది. కోపంగా కాదు. చివరికి ఆ గడిలో పెన్సిలుతో సన్నటి చుక్క పెట్టింది. వచ్చే మే నెలలో చదివేలోపు చెప్పండి, తొందరేం లేదంది.

చోటు నాకు తెలుసు. నేను అడగక్కరలేకపోయింది, నేనే ఎత్తుకుని వెళ్లాను. రోజూ వెళుతున్నాను. నది పక్కనుంచి పదిహేను నిమిషాల నడక. నువ్వు చెప్పింది ఒక్కటీ చేయలేను.

మరిచిపొమ్మని రాశావు. అంత సులువుగా ఎలా రాశావు అత్తయ్యా? నన్ను కన్నతల్లికన్నా బాగా పెంచావు, కాదనను. కానీ నువ్వు కనలేదు. కని, తొమ్మిది రోజులు ఒళ్లో పెట్టుకుని, పదో రోజు ఖాళీ చేతులతో లేచిన మనిషికి ఏం చెప్పాలో నీకు తెలియదు.

సరయు


టోవా పాయో
డిసెంబరు 3, 2000

సరయూ,

రెండు నెలలు జవాబు రాయలేదు. కోపం వచ్చి కాదు. నాలుగు ఉత్తరాలు రాసి చింపాను.

మల్లెపూల సంగతి నాకెవరు చెప్పారని అనుకున్నావు?

1963, ఆగస్టు. అప్పుడు మేం నౌకాశ్రయం క్వార్టర్లలో ఉండేవాళ్లం. ఆడపిల్ల. పదమూడు రోజులు ఉంది. జ్వరం వచ్చింది. పదమూడో రోజు పొద్దున్న మీ మావయ్య తువ్వాల్లో చుట్టి తీసుకెళ్లారు. తోడు అప్పయ్య వెళ్లాడు, ఆయనతో పనిచేసేవాడు. నన్ను లోపలి గదిలో కూర్చోబెట్టి మా అమ్మ తలుపు వేసింది. "సూడకే, సూస్తే మరవనేవు" అంది. సాయంత్రం ఆయన వచ్చి స్నానం చేసి అన్నం తిన్నారు. ఎక్కడ పెట్టారని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. ఇరవై ఏళ్లు కాపురం చేశాం, ఆ మాట రాలేదు. తర్వాత పిల్లలు కలగలేదు. నీకు రాసినవన్నీ నాకు చెప్పిన మాటలే. అవి నాకు పని చేయలేదని తెలిసి కూడా నీకు రాశాను. వేరే మాటలు నాకెవరూ నేర్పలేదు.

ఇప్పుడు విను. తవ్వుతున్నారని రాశానే, ఆ శ్మశానమే అది. తమ వాళ్లని తీసుకెళ్లాలనుకున్నవాళ్లు ఫలానా తేదీలోగా వచ్చి రాయించుకోవాలని పేపర్లో వేశారు. వెళ్లాను. కౌంటరులో చిన్నపిల్ల, నీకన్నా చిన్నది, మర్యాదగానే అడిగింది. సమాధి నంబరు? తెలియదు. పేరు? పెట్టలేదు. పాతిపెట్టిన తేదీ? అది మాత్రం చెప్పాను. పాపం చాలాసేపు వెతికింది. "ఆంటీ, నంబర్ లేదు, నేమ్ లేదు, కెనాట్ లా. ఐ వెరీ సారీ ఆంటీ" అని లేచి నిలబడి మరీ చెప్పింది.

అప్పయ్య గుర్తొచ్చాడు. ఎనభై దాటాయి, బుకిట్ పంజాంగ్‌లో కొడుకు దగ్గర ఉన్నాడు. ఆ కొత్త చిన్న రైలెక్కి వెళ్లి, ఆయన్ని టాక్సీలో శ్మశానానికి తీసుకొచ్చాను. కర్ర పట్టుకుని గంటసేపు తిరిగాడు.

"ఈ గోడ కాడే ఓ సెట్టుండేదమ్మా. దాని కింద ఎట్టినాం. ఇప్పుడా సెట్టూ నేదు, గోడా నేదు. నానేటి సెప్పగల్ను?" అన్నాడు. తర్వాత అన్నాడు, "సూర్రావుకి తెలుసమ్మా. ఆదోరం ఆదోరం వొచ్చీవోడు గదా. గాలం సైకిలుకి కట్టుకొని వొచ్చి, ఇక్కడే కూకోని ఎల్లిపోయీవోడు."

నేనూ అక్కడే గడ్డిలో కూర్చున్నాను, సరయూ. చేపలు తేలేదని ఆయన్ని జీవితమంతా ఎగతాళి చేశాను. ఆయన ఒక్కరే వెళ్లారు. నన్ను తీసుకెళ్లలేదు. నేను మరిచిపోయానని ఆయనా, ఆయన మరిచిపోయారని నేనూ, ఎదురెదురుగా బతికాం.

ఎవరూ అడగనివాళ్లందరినీ తీసి, కలిపి దహనం చేసి సముద్రంలో కలుపుతారట.

నీకు ఇంతకు ముందు రాసింది కొట్టెయ్. పేరు పెట్టు. బారసాలా వద్దు, ఏమీ వద్దు. ఆ ముసలావిడ పుస్తకంలో రాయించు. రాయి వేయించు. రోజూ వెళ్లు. హరికృష్ణని కూడా తీసుకెళ్లు, వాణ్ని ఒంటరిగా వెళ్లనియ్యకు.

అత్తయ్య


హార్లన్ ఫెర్రీ
ఏప్రిల్ 8, 2001

అత్తయ్యా,

నీ ఉత్తరం చదివి ఫోను చేశాను గుర్తుందా, ఇద్దరం ఏడవడం తప్ప ఏమీ మాట్లాడలేదు. ఆ మాట రాసినందుకు నన్ను క్షమించు. ఇంకెప్పుడూ ఎవరినీ అలా అనను.

ఇక్కడ పరిస్థితి బాగాలేదు. కిందటి నెల హరి ఆఫీసులో ఒక్కపూటలో సగం మందిని పంపించేశారు. హరి కూడా. ఎక్కడా తీసుకోవడం లేదు. గుట్ట మీద మా వీధిలో నాలుగిళ్లు అమ్మకానికి బోర్డులు పెట్టాయి. ఉద్యోగం లేకుండా ఈ వీసా మీద ఉండనివ్వరు. మే నెల మధ్యలో బయల్దేరాలి. హరికి సింగపూర్‌లో పాత కంపెనీవాళ్లు రమ్మన్నారు. మొదట్లో నీ దగ్గరే దిగుతాం.

రావడానికి నాకు సంతోషంగా లేదు. వాణ్ని వదిలి ఎలా రాను? మేం పోయాక ఎవరు చూస్తారు? మాకు ఈ ఊళ్లో చుట్టం లేడు, ఇల్లు అద్దెది. మళ్లీ ఈ దేశంలో అడుగు పెడతామో లేదో తెలియదు. నది కూడా పెరుగుతోంది. నిన్న ఊరంతా ఒడ్డున ఇసుక బస్తాలు వేశారు. పైవాళ్లూ కిందవాళ్లూ ఒకే వరసలో నిలబడి అందించుకున్నారు, హరీ నేనూ కూడా. శ్మశానం వైపే ముందు వేశారు, ఇళ్ల వైపు తర్వాత.

హరి ఒక మాట అంటున్నాడు. వాణ్ని తీయించి మనతో తెచ్చుకుందామని. కాగితాలు పెడితే ఒప్పుకుంటారట. అక్కడ మీరు కూడా అదే చేస్తున్నారు కదా, తీసి వేరేచోటికి మార్చడం. నాకు ఒకరోజు సరే అనిపిస్తుంది, ఒకరోజు ఆ మాట తలుచుకోవడానికే మనసొప్పదు. పెన్సిలు చుక్క ఇంకా అలాగే ఉంది. పేరు పెడితే ఇక్కడే వదిలేసినట్టని భయం. నువ్వు ఏం చెబితే అది చేస్తాను.

నీ పాపకి నువ్వు మనసులోనైనా ఏదో ఒక పేరు అనుకోలేదా? అది నాకు చెప్పు.

సరయు


టోవా పాయో
ఏప్రిల్ 22, 2001

సరయూ,

ఆలస్యం కాకూడదని ఎక్స్‌ప్రెస్‌లో పంపుతున్నాను.

మొన్న మంగళవారం శ్మశానంలో ఆ వైపు తవ్వారు. ఎవరూ రమ్మనలేదు, నేనే వెళ్లాను. కంచె ఇవతల నిలబడ్డాను. తవ్వేవాళ్లలో ఒకడు మన తెలుగువాడే, కరీంనగర్ దగ్గర పల్లెటూరట. "ఎండల నిలబడ్డవేందమ్మా, నీడకు రా" అన్నాడు. నా పాప అక్కడుందని చెప్పాను. ఎక్కడని అడిగాడు. తెలియదన్నాను. పార కింద పెట్టాడు. చెయ్యి కడుక్కుని వచ్చి, "మెల్లగ తీస్తం అమ్మా, అందర్ని మెల్లగనే తీస్తం" అన్నాడు. సాయంత్రం దాకా ఉన్నాను. పడవలో తీసుకెళ్లే రోజు కూడా అడిగి రాసుకున్నాను.

అందుకని చెబుతున్నాను. వాణ్ని తేకు. ఇక్కడ ఎక్కడ పెడతావు? పెట్టినా పదిహేనేళ్లకో ఇరవై ఏళ్లకో మళ్లీ తీస్తారు. ఈ ఊరు మంచిదే, నాకు ఇంకో ఊరు తెలియదు, కానీ చచ్చినవాళ్లని నిలవనిచ్చేంత చోటు దీనికి లేదు. ఇళ్లకన్నా ముందు శ్మశానానికి బస్తాలు వేసే ఊరు ఇంకెక్కడైనా చూశావా? చుట్టం లేడన్నావు. ఏటా నిలబడి వాడి పేరు పైకి చదివేవాళ్లు చుట్టాలు కాకపోతే ఎవరు? వదిలేసి రావడం కాదు అది. అప్పగించి రావడం. నేను వదిలేశాను, తేడా నాకు తెలుసు.

పేరు అడిగావు. పదమూడు రోజులూ ఆ పాపని నేను ఒక పేరుతో పిలిచాను, ఎవరూ లేనప్పుడు, చెవి దగ్గర. మీ మావయ్యకి కూడా తెలియదు. పదేళ్లకి మా తమ్ముడికి ఆడపిల్ల పుట్టింది. మేనత్తని కనక బారసాలలో పేరు పెట్టమని నా ఒళ్లో పెట్టారు. నా దగ్గర ఉన్నది ఒక్కటే పేరు. అదే పెట్టాను.

ఒకరి పేరు ఇంకొకరికి అంటగట్టానని నా మీద కోపం తెచ్చుకోకు. నిన్ను నిన్నుగానే పెంచాను. కాకపోతే రోజుకి వందసార్లు ఆ పేరు పిలిచే వీలు దొరికింది నాకు.

అత్తయ్య


హార్లన్ ఫెర్రీ
మే 9, 2001

అత్తయ్యకు,

వచ్చే మంగళవారం బయల్దేరుతున్నాం. ఈ ఉత్తరమూ నేనూ ఒకేసారి వస్తామేమో. అయినా రాయాలి. ఎదురుగా కూర్చుంటే చెప్పలేను.

నీ ఉత్తరం హరికి చదివి వినిపించాను. కారు నడుపుతూ విన్నాడు. తర్వాత, "తాతయ్య పేరు పెడదాం, నూకరాజు" అన్నాడు. పేరు లేదు, మా ఆచారం అన్న మనిషి నోట వాడికో పేరు రావడం అదే మొదటిసారి. గుంటూరులో మీవాళ్లు ఆ పేరు వింటే నవ్వుతారు కదా అన్నాను. "నవ్వనీ" అన్నాడు, అని కారు పక్కకి ఆపి ఏడ్చాడు. నేను ఆపలేదు.

నిన్న ఇద్దరం స్టేషను మేడ మీదికి వెళ్లాం. ఎడ్నా పుస్తకం తీసి, రబ్బరుతో ఆ చుక్క చెరిపి, పెన్ను నా చేతికి ఇచ్చింది. ఇంగ్లీషులో రాశాను, దాని కింద నీ తెలుగు అక్షరాల్లో కూడా రాశాను. తప్పు పోలేదు, మూడుసార్లు చూసుకున్నాను. పేరు పలకడం ఎలాగో ఆవిడ నా చేత పదిసార్లు చెప్పించుకుంది. ఇంకా "నుకారాజ్" దగ్గరే ఉంది. ఈ నెలాఖరుకి వచ్చేస్తుందంటుంది. మేం వినం, అప్పటికి అక్కడ ఉంటాం.

ఆ పుస్తకం చివర కొన్ని పేజీలు వేరే ఉన్నాయి. నదిలో పడి దొరకనివాళ్లు, యుద్ధానికి పోయి రానివాళ్లు, వరదలో చోటు పోయినవాళ్లు. ఇక్కడి మట్టిలో లేకపోయినా ఈ ఊరి మనుషులకి కావలసినవాళ్లు కనక వాళ్ల పేర్లూ చదువుతారు. నేను ఆ పేజీ తిప్పాను. ఇంకొకరిని రాయవచ్చా అన్నాను. ఎడ్నా తల ఊపింది.

నా పేరు రాశాను. బతికున్నదాని పేరు చచ్చినవాళ్ల పుస్తకంలో రాస్తావా అని నువ్వు గుండె బాదుకుంటావు, తెలుసు. అది నా పేరు కాదు. పక్కన వరలక్ష్మమ్మ, సూర్యారావుల కూతురు, సింగపూర్, 1963 అని రాశాను.

ఎడ్నా కళ్లజోడు సర్దుకుని చదివింది. పేరు చూసింది, నన్ను చూసింది. నీకేమవుతుంది అంది. ఇంగ్లీషులో మాట దొరకలేదు. అందుకని మన మాటే చెప్పాను, మా వదిన అన్నాను. నోటితో అనడం అదే మొదటిసారి, అత్తయ్యా. నాకో వదిన ఉండేది, ఉంటే నాకన్నా పదేళ్లు పెద్దది.

ఎక్కడ పెట్టారని ఆవిడ అడగలేదు. ఎలా పోయిందని అడగలేదు. పెన్ను తీసుకుని, ఎన్ని రోజులు ఉంది అని అడిగింది.

పదమూడు అని చెప్పాను. రాసుకుంది.

సరయు